బాలానగర్ గంప

హైదరాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు మీద షాద్‌నగర్ దాటితే మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ వస్తుంది. సీతాఫలం తోటలు వేసేవాళ్లకు బాగా తెలిసిన రకం ఈ ఊరి పేరుతోనే ఉంది. ఇక్కడ మాత్రం ఆ చెట్టుకు ఎవరూ పెద్దగా సేవ చేసింది లేదు. గుట్టల మీద, చెలక గట్ల మీద తనంతట తానే మొలుస్తుంది. ఆకు మేకలు ముట్టవు, అందుకే బతికిపోతుంది.

పనితనమంతా కోసేవాళ్ల కంటిలో ఉంది. కాయ మీది బుడిపెల మధ్య సందులు విచ్చుకుని లేత పసుపు తేలితే కన్ను తెరిచినట్టు. లేతది తెంపితే మగ్గకుండానే నల్లబడి గట్టిపడుతుంది. ఆలస్యమైతే చెట్టు మీదే పగిలి పిట్టలపాలవుతుంది. పొద్దున్నే గుట్టెక్కి, పొదల్లో పురుగూ పుట్రా చూసుకుంటూ, కన్ను తెరిచినవే ఏరి, గంపకెత్తి రోడ్డు పక్కకు అమ్మకానికి తెస్తారు ఇక్కడి ఆడవాళ్లు.

"ఇయ్యాల తింటరా, ఎల్లుండి తింటరా సారూ?" అని అడిగి ఆ లెక్కన కాయలిస్తారు. ఏ సూపర్‌మార్కెట్‌లోనూ నన్నెవరూ ఇలా అడగలేదు.

దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలని 1999లో రైతుబజార్లు పెట్టారు. వీళ్లకు రోడ్డు పక్కే రైతుబజారు. పండు నిలవుండదు, మిగిలితే నష్టం వాళ్లదే. మనమేమో కారు అద్దం దించి పది రూపాయలు తగ్గించమంటాం!

దసరా ముందూ వెనకా ఆ దారిన వెళ్తే ఆగండి. బేరమాడకుండా ఒక గంప కొనండి.