జూనో చేసిన పనే శ్రీనాథుడి శివుడూ చేశాడు

పోయిన ఆదివారం సామర్లకోట జంక్షన్‌లో రైలు ఆలస్యం. పక్క బెంచీ మీద పదిహేనేళ్ళ పిల్ల ఒకతె రిక్ రయర్డన్ ‘ది సన్ ఆఫ్ నెప్ట్యూన్’లో మునిగిపోయి ఉంది. ‘మన దేవుళ్ళు లేరటే, రోము దేవుళ్ళు కావలసొచ్చారా?’ అన్నారు వాళ్ళ తాతగారు. ‘మన దేవుళ్ళు తప్పులు చెయ్యరు తాతయ్యా, ఇంక కథేముంటుంది?’ అందా పిల్ల. ఎంత ముచ్చటేసిందో!

2011లో వచ్చిన ఆ నవలలో జూనో దేవత ఒక కుర్రాడి జ్ఞాపకాలు లాగేసుకుని, ముక్కూమొహం తెలియని రోమన్ల శిబిరానికి తోలేస్తుంది. అక్కడి దేవుళ్ళు పిల్లల్ని కని వదిలేస్తారు. పెద్దల నిర్వాకం పిల్లలు చక్కదిద్దాలి. రయర్డన్ ఒకప్పుడు బడిపంతులు. చదువు కష్టమైన కొడుక్కి రాత్రిళ్ళు చెప్పిన గ్రీకు కథల్లోంచే ఈ వరస నవలలు పుట్టాయి.

మన పిల్లల కథల విషయానికొస్తే, దాసరి సుబ్రహ్మణ్యం గారంటే నాకు పిచ్చి. ‘తోకచుక్క’ మొదలు ఆయన చందమామ సీరియళ్ళ నిండా మాంత్రికులు, యక్షులు, రాక్షసులు. గుళ్ళో కొలిచే దేవుడికి మాత్రం ఆయన కథ పగ్గాలివ్వలేదు. అదే సరైన దారని ఎన్నోసార్లు వాదించాను. కొబ్బరికాయ కొట్టే చేత్తో దేవుడి తప్పు రాయలేం. జూపిటర్‌కి ఇవాళ నైవేద్యం పెట్టేవాళ్ళు దాదాపు లేరు కనకే రయర్డన్ చెయ్యి ఆడింది.

మరి మన కవి శ్రీనాథుడి మాటేమిటి? ద్రాక్షారామ భీమేశ్వరుడి మీద రాసిన పురాణంలోనే, శివుడు కాశీలో వ్యాసుడికి భిక్ష దొరక్కుండా చేస్తాడు. ఆకలికి తాళలేక వ్యాసుడు కాశీని శపించబోతే అన్నపూర్ణ పిలిచి అన్నం పెడుతుంది. శివుడేమో ఊరొదిలి పొమ్మంటాడు. ఆ ముని నడిచి నడిచి మన ద్రాక్షారామం చేరతాడు. పరీక్ష పెట్టిందీ శివుడే, శిక్ష వేసిందీ శివుడే! జూనో ఇంతకన్నా ఏం చేసింది? పరమ శివభక్తుడి కలమే అక్కడ వణకలేదు. ఇక నా పాత వాదన నిలవదు; అలాంటి కథ మన గుళ్ళోంచీ పుట్టొచ్చు.

మన సామర్లకోట కుమారారామంలో లింగం పద్నాలుగడుగులు. అభిషేకం పై అంతస్తులో. తారకాసురుడి మెడలోని లింగాన్ని కుమారస్వామి ఐదు ముక్కలు చేస్తే అందులో ఇదొకటి. పెరిగిపోతుంటే తలమీద శీల కొట్టి ఆపారంటారు. ఆ శీల ఓ రాత్రి ఊడితే? పైకప్పు పగిలేలోగా మిగతా ముక్కలున్న అమరావతి, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం తిరిగిరావలసిన పిల్లలెవరు? కుమారస్వామి వాళ్ళకి సాయపడతాడా, అడ్డుపడతాడా? అడ్డుపడాలనే నేనంటాను.