నమూనాకు సాక్ష్యం ఎక్కడిది? రెండు డాక్టరేట్ గ్రంథాల పరిశీలన

కంప్యూటర్ నమూనా ఆధారంగా రాసిన పరిశోధన గ్రంథాన్ని ఎలా విమర్శించాలన్నది ఈ పాఠంలో మన ప్రశ్న. కవిత్వాన్నో నవలనో అంచనా వేయడానికి మనకు అలవాటైన కొలమానాలు ఉన్నాయి. నమూనా దగ్గరికి వచ్చేసరికి కొందరు సమీకరణాలు చూసి జంకుతారు, కొందరు ఫలితాల పట్టిక చూసి తలూపుతారు. రెండూ విమర్శ అనిపించుకోవు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సుమారు పదిహేనేళ్ల తేడాతో వెలువడిన రెండు డాక్టరేట్ గ్రంథాలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి లోహాలది, రెండోది భాషది.

మొదటిది స్వీడన్ లోహశాస్త్రవేత్త మాట్స్ హిల్లర్ట్ 1956లో సమర్పించినది. ఆయన ముందున్న చిక్కు ఇది. రాగి, నికెల్, ఇనుము కలిసిన ఒక మిశ్రమలోహాన్ని బాగా వేడిచేసి, చటుక్కున చల్లార్చి, మళ్లీ ఒక మోస్తరు వేడిలో ఉంచితే దాని ఎక్స్-కిరణ చిత్రంలో ముఖ్య రేఖలకు ఇరుపక్కలా అదనపు పట్టీలు కనిపిస్తాయి. లోహం కూర్పు లోపల అలలు అలలుగా మారుతోందని, ఒక్కో అల పొడవు సుమారు 10 నానోమీటర్లని 1940లలోనే ఇతర పరిశోధకులు తేల్చారు. మామూలుగా విసరణ అంటే పదార్థం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోవడం. నీళ్లలో వేసిన సిరాచుక్క అలాగే కలిసిపోతుంది. ఇక్కడ కలిసి ఉన్నవి విడిపోతున్నాయి. పైగా, పాత విసరణ సమీకరణం ప్రకారం అల ఎంత చిన్నదైతే అంత త్వరగా పెరగాలి. మరి ఒక నిర్దిష్టమైన పొడవు ఎలా వచ్చింది?

హిల్లర్ట్ స్ఫటికాన్ని పరమాణు పొరల వరుసగా ఊహించారు. ఒకే దిశ, ఒక్కో పొరకు ఒక్కో కూర్పు. పక్కపక్క పొరల కూర్పులో తేడా పెరిగితే అందుకు కొంత శక్తి ఖర్చవుతుందన్న అంశాన్ని లెక్కలో చేర్చారు. సంఖ్యా పద్ధతిలో సాధిస్తే మరీ చిన్న అలలు అణగిపోయి, కొలతల్లో దొరికిన స్థాయి పొడవే వచ్చింది.

నిజం చెప్పాలంటే ఇది పేద నమూనా. మూడు దిశల స్ఫటికాన్ని ఒక దిశకు కుదించింది. పరమాణువుల పరిమాణంలో తేడా వల్ల స్ఫటికంలో పుట్టే వికృతిని పట్టించుకోలేదు. దాన్ని జాన్ కాన్ 1961లో సిద్ధాంతంలోకి తెచ్చారు. అయినా నా దృష్టిలో ఇది గట్టి గ్రంథం. ఆ 10 నానోమీటర్లు హిల్లర్ట్ ఎంచుకున్నవి కావు. ఆయన నమూనా పుట్టకముందే వేరేవాళ్లు కొలిచి పెట్టినవి. లెక్క తప్పి ఉంటే దాచుకోవడానికి చోటు లేదు.

రెండోది టెరీ వినోగ్రాడ్‌కు 1970లో డాక్టరేట్ తెచ్చిపెట్టిన ‘ష్రడ్‌లూ’ ప్రోగ్రాం గురించినది. కంప్యూటర్‌లో ఒక ఊహాలోకం: బల్ల, దాని మీద రంగురంగుల దిమ్మెలు, పిరమిడ్‌లు, ఒక పెట్టె. ఇంగ్లీషులో ఆజ్ఞాపిస్తే ప్రోగ్రాం దిమ్మెలను కదుపుతుంది. ఏ పిరమిడో తేలకపోతే అర్థం కాలేదంటుంది. ‘దాన్ని’ అన్న సర్వనామం దేన్ని సూచిస్తోందో ముందు మాటలనుబట్టి పోల్చుకుంటుంది. ఫలానా పని ఎందుకు చేశావని అడిగితే కారణం చెబుతుంది. వాక్యనిర్మాణం, అర్థం, తర్కం మూడూ ఒకే చోట కలిసి పనిచేయడం అప్పటికి గొప్ప సంగతే. సందర్భాన్ని పట్టుకోవడంలో ఈ గ్రంథం చూపిన శ్రద్ధ తరవాత వచ్చిన గణాంక పద్ధతుల్లో చాలాకాలం కొరవడిందని కూడా చెప్పాలి.

కానీ సాక్ష్యం ఎక్కడిది? చదువరిని మెప్పించేది ప్రధానంగా ఒక నమూనా సంభాషణ. ఆ లోకాన్ని నిర్మించింది, అందులో చెల్లే మాటలను నిర్ణయించింది, ప్రోగ్రాం రాసింది ఒక్కరే. దిమ్మెల లోకంలో అబద్ధం లేదు, ఎత్తిపొడుపు లేదు, అలిగి మాట్లాడకపోవడం లేదు. దాన్ని కొత్త రంగానికి పెంచాలంటే మళ్లీ చేత్తో రాసుకుంటూ పోవాలి. వినోగ్రాడే 1986లో ఫెర్నాండో ఫ్లోరెస్‌తో కలిసి రాసిన పుస్తకంలో, కంప్యూటర్ భాషను అర్థం చేసుకుంటుందన్న భావననే గట్టిగా ప్రశ్నించారు. తన పనికి తానే విమర్శకుడు కాగలిగిన పరిశోధకులు అరుదు.

భాషకు ఎక్స్-కిరణ చిత్రం ఉండదు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి సాటి రాగలిగింది, ప్రోగ్రాం రాసినవారు ఎన్నడూ చూడని మనుషుల వాక్యాలు. తెలుగు పదాల్లో ధాతువునూ ప్రత్యయాలనూ విడదీసే ప్రోగ్రాం మీద ఒక గ్రంథం మీ చేతికి వచ్చిందనుకోండి. ‘వచ్చాడు’ను సరిగా విడదీస్తుంది. ‘వచ్చినాడు’, ‘వచ్చిండు’ ఇస్తే? ఒకే దినపత్రిక వార్తలతో తయారుచేసి, అదే పత్రిక వార్తలతో పరీక్షిస్తే ఈ రూపాలు ఎదురే రాకపోవచ్చు. నూటికి తొంభై అయిదు సరి అని పట్టికలో ఉంటే, ఆ తొంభై అయిదులో ‘ఆ’, ‘ఈ’, ‘అని’, ‘కూడా’ వంటి మాటలు ఎన్నిసార్లు లెక్కకు వచ్చాయో చూడాలి. ఏ భాషలోనైనా కొద్దిపాటి మాటలే పదేపదే వస్తాయి, అవి విడదీయడానికి సులువైనవి కూడా. ఒక్కో పదాన్ని ఒక్కసారే లెక్కిస్తే ఆ అంకె ఎంతకు దిగుతుందో గ్రంథకర్త రాశారా? ప్రోగ్రాం తప్పిన పదాల జాబితా అనుబంధంలో ఇచ్చారా? ఇచ్చి ఉంటే, ఫలితాల పట్టిక కంటే ముందు ఆ జాబితానే చదవండి.