నేర్పు, కృప, నిస్సహాయత: నార్మన్ మెక్లీన్ నవలికలో ట్రౌట్ వేట

వ్యాససంగ్రహం

అమెరికన్ రచయిత నార్మన్ మెక్లీన్ (1902–1990) రాసిన 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' (1976) నవలికను పాఠకులు ఎక్కువగా ప్రకృతివర్ణన కోసం, గతకాలపు జ్ఞాపకాల కోసం చదువుతారు. పర్వతనదిలో ట్రౌట్ చేపల కోసం చేసే ఫ్లై ఫిషింగ్ ఇందులో నేపథ్యంగా మాత్రమే ఉందనే అభిప్రాయం ఈ పఠనం వెనుక ఉంది. ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది. వేటకు సంబంధించిన సాంకేతిక వివరణలే నవలిక నిర్మాణానికి ఆధారమనీ, ప్రేమించిన మనిషిని కాపాడుకోలేని నిస్సహాయతను కొలిచే కొలమానం అవేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నవలిక, ఫ్లై ఫిషింగ్, ట్రౌట్, కృప, వ్యంగ్యార్థం, కరుణ.

1. ఉపోద్ఘాతం

మెక్లీన్ షికాగో విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం ఆంగ్లసాహిత్యాన్ని బోధించి 1973లో పదవీవిరమణ చేశారు. డెబ్బై ఏళ్లు దాటిన తరువాత వెలువరించిన తొలి కథాసంపుటిలోనిదే ఈ నవలిక. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన తొలి మౌలిక కాల్పనిక గ్రంథం కూడా ఆ సంపుటియే. 1977లో పులిట్జర్ న్యాయనిర్ణేతలు దీనిని కాల్పనిక సాహిత్య పురస్కారానికి సిఫారసు చేసినా, ఆ ఏడాది ఆ విభాగంలో ఎవరికీ పురస్కారం ఇవ్వకూడదని మండలి నిర్ణయించింది.

కథావస్తువు ఆత్మకథాత్మకం. మోంటానా రాష్ట్రంలోని మిజూలా పట్టణంలో ప్రెస్బిటేరియన్ సంఘకాపరిగా ఉన్న తండ్రి, ఆయన ఇద్దరు కుమారులు నార్మన్, పాల్ ఇందులో ప్రధానపాత్రలు. బిగ్ బ్లాక్‌ఫుట్ నది వారి ఉమ్మడి లోకం. పాల్ పత్రికావిలేకరి, అసాధారణమైన వేటగాడు. మద్యం, జూదం, అప్పులు, కొట్లాటలు అతని జీవితాన్ని చుట్టుకొని ఉంటాయి. 1937 వేసవిలో అన్నదమ్ములు కలిసి చేసిన చేపల వేటలే కథాశరీరం. వాస్తవజీవితంలో పాల్ మెక్లీన్ 1938లో షికాగోలో హత్యకు గురయ్యాడు. నవలికలో మాత్రం కథావరణం మోంటానాను దాటదు. రచయిత మరణాన్ని కూడా నది పరిసరాల్లోకే తీసుకువచ్చాడన్నమాట. ఈ మార్పును గమనిస్తే నదికి కథలో ఉన్న స్థానం ఏమిటో తెలుస్తుంది.

2. గాలం – విద్య

తెలుగు పాఠకునికి గాలం కొత్త వస్తువు కాదు. కాలువగట్టు మీద వెదురుకర్ర, దారం, కొక్కేనికి గుచ్చిన ఎర్ర చాలు. ఫ్లై ఫిషింగ్ దీనికి భిన్నమైన విద్య. ట్రౌట్ చల్లని, వేగమైన, స్వచ్ఛమైన నీటిలో జీవిస్తుంది. నీటిపురుగులు, వాటి నుంచి వెలువడే రెక్కలపురుగులు దాని ఆహారంలో ముఖ్యభాగం. వేటగాడు ఈకలు, వెంట్రుకలు, దారంతో కొక్కేనికి ఆ పురుగు రూపం కడతాడు. ఈ కృత్రిమపు ఎరకు బరువుండదు కాబట్టి దానిని నేరుగా విసరడం సాధ్యం కాదు. బరువైన దారాన్నే గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి, ఆ వేగంతో ఎరను నీటి మీద వాలేలా చేయాలి. బలం ఎక్కువైతే దారం చిక్కుపడుతుంది. తొందరపడితే ఎర నీటిని తాకిన చోట అలజడి పుట్టి చేప దూరమవుతుంది.

నవలికలో తండ్రి ఈ విద్యను కుమారులకు నాలుగు మాత్రల లయగా, సంగీతసాధనకు వాడే తాళయంత్రం సాయంతో నేర్పుతాడు. కర్ర కదలికకు గడియారపు ముల్లులా హద్దులుంటాయి. పిల్లలు మతప్రశ్నోత్తరిని ఎంత క్రమశిక్షణతో వల్లె వేశారో, గాలం విసరడాన్నీ అంతే క్రమశిక్షణతో అభ్యసిస్తారు. ఈ వివరాలు అలంకారాలు కావు. మాటల్లో ఆప్యాయత వ్యక్తం చేయడం అలవాటు లేని ఆ కుటుంబంలో తండ్రీకొడుకులు, అన్నదమ్ములు పరస్పరం మాట్లాడుకునే భాష ఇదొక్కటే. ఆ భాషకు వ్యాకరణం ఉన్నందువల్లనే రచయిత దానిని పాఠకునికి కూడా ఓపికగా నేర్పుతాడు. అది నేర్చుకోని పాఠకునికి చివరి వేట కేవలం ఒక దృశ్యంగానే మిగిలిపోతుంది.

3. నేర్పు – కృప

తెలుగులో 'గాలం వేయడం' అన్న నుడికారం మోసాన్ని, ప్రలోభాన్ని సూచిస్తుంది. నవలికలో అదే క్రియ ఆరాధనకు సమీపంగా ఉంటుంది. మనిషి స్వభావతః పతితుడనీ, శ్రమించి సాధించిన నేర్పు ద్వారానే అతడు దైవకృపకు చేరువ కాగలడనీ తండ్రి విశ్వాసం. ఇక్కడొక వైరుధ్యం గమనార్హం. ప్రెస్బిటేరియన్ సిద్ధాంతం ప్రకారం కృప దేవుని ఉచితదానం, మనిషి ప్రయత్నానికి ప్రతిఫలం కాదు. గుడిలో ఒక సిద్ధాంతాన్ని బోధించే తండ్రి నది దగ్గర దానికి భిన్నమైన సూత్రాన్ని ఆచరిస్తున్నాడు.

నవలిక ఈ సూత్రాన్నే పరీక్షకు పెడుతుంది. పాల్ నేర్పు సంపూర్ణమైనది. తండ్రి నేర్పిన నాలుగు మాత్రల లయను దాటి, తనదైన పద్ధతిని అతడు రూపొందించుకున్నాడు. నేర్పే కృపకు మార్గమైతే అందరికంటే ముందుగా రక్షణ పొందవలసినవాడు అతడే. కథలో నశించేదీ అతడే. విసురులో అంతగా రాణించని అన్న బతికి, వృద్ధుడై, కథ చెబుతాడు. కృప అంటే ఆపద నుంచి రక్షణ అని అర్థం చేసుకుంటే తండ్రి సూత్రం ఓడిపోయింది. ఒక క్షణంపాటు పరిపూర్ణత మానవదేహంలో సాక్షాత్కరించడమే కృప అనుకుంటే మాత్రం అది నిలుస్తుంది. రచయిత ఈ రెండింటిలో ఏదో ఒకదానిని ఎంచుకొమ్మని బలవంతపెట్టడు. నవలికలోని విషాదం ఈ సంశయంలోనే ఉంది.

4. కనిపించేది – కనిపించనిది

చివరి వేటలో కథకునికి చేపలు పడవు. ఎదురుగా పాల్ ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉంటాడు. చేపలు నీట మునిగిన పసుపుపచ్చ స్టోన్‌ఫ్లై పురుగులను తింటున్నాయని పాల్ గ్రహించాడు. ఆ పురుగులు పైకి కనబడవు. కనిపించే ఒక ఆనవాలు నుంచి అంతవరకు గమనించని మరొకదానికీ, దాని నుంచి కంటికి కనిపించని దానికీ చేరుకోవడమే ఆలోచించడమని అతడు అన్నకు వివరిస్తాడు. భారతీయ కావ్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇది వాచ్యం నుంచి వ్యంగ్యానికి సాగే ప్రయాణం.

ఈ ఘట్టంలోని విషాదవ్యంగ్యం లోతైనది. అదృశ్యంగా ఉన్నదానిని పసిగట్టే ఈ విద్య అన్నకు తమ్ముని విషయంలో పనికిరాలేదు. పోలీసుఠాణా నుంచి తమ్ముణ్ణి తీసుకువచ్చిన రాత్రి, జూదపు అప్పుల ప్రస్తావన, మాట తప్పించే తీరు – ఆనవాళ్లన్నీ కథకుని కళ్లెదుటే ఉన్నాయి. అతడు సహాయం చేయాలనుకుంటాడు. ఏ సహాయం కావాలో తెలియదు, అడిగితే తమ్ముడు మాట మార్చి వేటకు పిలుస్తాడు. సమాంతరంగా నడిచే బావమరిది నీల్ ఉపకథ కూడా ఈ సమస్యకే మరో రూపం. వానపాముల డబ్బాతో నదికి వచ్చే నీల్‌ను హాస్యపాత్రగా చిత్రించినా, అతని తల్లి, అక్క జెస్సీ పడే వేదన కథకుని కుటుంబవేదనకు భిన్నమైనది కాదు. నేర్పు ఉన్నవాడికీ లేనివాడికీ సహాయం అందించలేకపోవడం ఒకే రకంగా ఎదురవుతుంది. హాస్యంగా మొదలైన ఉపకథ చివరికి కరుణకు పోషకమవడం రచయిత ఔచిత్యదృష్టికి నిదర్శనం.

అదే రోజు తండ్రి ఒడ్డున కూర్చుని గ్రీకు భాషలో యోహాను సువార్త చదువుతుంటాడు. వాక్కు ముందా, నీరు ముందా అన్న చర్చ అక్కడ వస్తుంది. నీటి అడుగున వాక్కు ఉందని తండ్రి నమ్మకం. కుమారుని అనుభవంలో నీరే ముందు. వృద్ధాప్యంలో కథ రాయడానికి కూర్చున్న కుమారుడు నీటి కింది మాటల కోసం వెదకడం ద్వారా తండ్రి పక్షానికి కొంత చేరువవుతాడు. గాలం విసరడంలో తమ్మునికి సాధ్యమైన పరిపూర్ణతను అన్న వాక్యంలో ప్రయత్నించాడని ఈ నవలికను చదవవచ్చు.

5. చలనచిత్రం – ఒక దృక్పథం

రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ దర్శకత్వంలో 1992లో వచ్చిన చలనచిత్రం ఈ నవలికను విస్తృతప్రజానీకానికి చేర్చింది. ఫిలిప్ రూసెలో ఛాయాగ్రహణానికి ఆస్కార్ లభించింది. వెలుగులో మెరిసే దారం వంపు ఆ చిత్రంతోనే జనస్మృతిలో స్థిరపడింది. అయితే దృశ్యమాధ్యమం విసురు అందాన్ని చూపినంత సులభంగా దాని వెనుక ఉన్న ఆలోచనను చూపలేదు. కథనంలో పుటలకొద్దీ సాగే తర్కం తెరపై ఒక భంగిమగా మారింది. నవలికను గతకాలపు సౌందర్యస్మృతిగా చదివే ధోరణికి ఈ మార్పు కొంత కారణం.

మరొక వాస్తవం కూడా ఆ సౌందర్యాన్ని ప్రశ్నిస్తుంది. వేట దృశ్యాల్లో అధికభాగం గాలటిన్ నదిపై చిత్రీకరించారు. గనుల వ్యర్థాల వల్లా, కలప నరికివేత వల్లా అప్పటికి బ్లాక్‌ఫుట్ దెబ్బతిని ఉంది. ఎగువభాగాన మైక్ హార్స్ గని వ్యర్థాల ఆనకట్ట 1975లో, అంటే గ్రంథప్రచురణకు ముందటి ఏడాదే, తెగింది. పుటల్లో నది చిరంతనంగా ప్రవహిస్తున్న సమయంలోనే నేల మీది నది విషపూరితమవుతోంది. ఈ వాస్తవం తెలిసిన పాఠకునికి కథలోని నష్టం ఒక కుటుంబానికి పరిమితమైనదిగా కనిపించదు.

6. పరిమితులు

ఈ నవలికకు పరిమితులు లేకపోలేదు. మెరివెదర్ లూయిస్ 1806లో ప్రయాణించేనాటికే బ్లాక్‌ఫుట్ లోయ మూలవాసులు అడవిదున్నల వేటకు వెళ్లే దారి. కథకుడు హిమానీనదకాలపు మిజూలా సరస్సు దాకా వెనక్కి వెళ్లి నదికి భూగర్భచరిత్ర చెబుతాడు గాని, ఈ మానవచరిత్రకు అంతటి స్థానం ఇవ్వలేదు. పాల్ స్నేహితురాలైన ఉత్తర షయాన్ యువతిని చరిత్రలోని ఒక షయాన్ స్త్రీ పేరుతో పిలుస్తాడే గాని, ఆమె అంతరంగంలోకి ప్రవేశించడు. నది పురుషుల పాఠశాలగానే మిగిలింది. ఆ నదిలో దొరికే రెయిన్‌బో ట్రౌట్ కూడా అక్కడి స్థానికజాతి కాదు, మనుషులు తెచ్చి వదిలినది. ఆ నది స్వంతజాతులు కట్‌థ్రోట్, బుల్ ట్రౌట్. ఆదిమమని తోచే లోకం కూడా మానవనిర్మితమేనన్న స్పృహ నవలికలో బలంగా వినిపించదు.

7. ముగింపు

పాల్ మరణాన్ని రచయిత కొద్ది వాక్యాల్లోనే ముగిస్తాడు. ఒక్క ఎర ఎంపికకు పుటలు కేటాయించిన కథనంలో ఈ సంక్షిప్తత యాదృచ్ఛికం కాదు. తండ్రి ఇంకేమైనా తెలుసా అని అడిగితే, చేతి ఎముకలు దాదాపు అన్నీ విరిగాయని కుమారుడు చెబుతాడు. ఏ చేయి అన్నది తండ్రి తదుపరి ప్రశ్న. కుడి చేయి. కుమారుడు చివరిదాకా పోరాడాడన్న ఊరట తండ్రికి ఆ జవాబులో దొరుకుతుంది. గాలం విసిరే చేయి కూడా అదేనన్న మాటను ఎవరూ అనరు. సాంకేతిక వివరాలను ఓపికగా అనుసరించిన పాఠకునికి మాత్రమే ఆ మౌనం పూర్తిగా వినిపిస్తుంది.

ఆత్మీయులను పూర్తిగా అర్థం చేసుకోలేకపోయినా ప్రేమించడం సాధ్యమేననే ఎరుక ఈ నవలిక చేరుకున్న గమ్యం. ఆ ఎరుక ఓదార్పు కాదు, నేర్పూ ప్రేమా రెండూ ఆగిపోయే హద్దును గుర్తించడం. ట్రౌట్ వేటను నేపథ్యంగా భావించి దాటిపోతే ఆ హద్దు కనిపించదు. అందువల్ల ఈ రచనలో వృత్తివిద్యా వివరణను వర్ణనగా కాక, అర్థనిర్మాణసాధనంగా పరిగణించడం సముచితం.