అమావాస్య సీనులో దీపం

తెర మీద పట్టపగలు నడుస్తున్నా, అమావాస్య రాత్రి నడుస్తున్నా ప్రొజెక్టర్‌లోని జినాన్ దీపం ఒకేలా మండుతుంది. రాత్రి సీను వచ్చిందని రవ్వంత కూడా తగ్గదు. అంత వెలుగూ లోపలే ఉండగా హాల్లో అంత చీకటి ఎలా కమ్ముకుంటోంది?

ఆ మాయంతా అంగుళం అటూ ఇటూగా ఉండే ఒక చిప్ మీద జరుగుతుంది. టూకే ప్రొజెక్టర్‌లో ఆ చిప్ మీద అడ్డంగా 2048, నిలువుగా 1080, మొత్తం ఇరవై రెండు లక్షల పైచిలుకు అల్యూమినియం అద్దాలు. ఒక్కోటీ తలవెంట్రుక మందంలో ఐదో వంతు ఉంటుందేమో. దాని కింద సన్నటి లోహపు కీలు, ఆ కింద ఒక మెమరీ గడి. గడిలో ఒకటి పడితే అద్దం 12 డిగ్రీలు ఇటు వాలుతుంది, వెలుగు లెన్స్‌లోకి పోతుంది. సున్నా పడితే అంతే అటు వాలి, వేడిని మింగే లోహపు గోడ మీదికి వెలుగును తోసేస్తుంది. మనం చూసే రాత్రి ఆ గోడకు సెగ. అయినా అద్దాల అంచుల్లో, సందుల్లో చెదిరిన వెలుగు కాస్త తెర మీదికి జారుతూనే ఉంటుంది. అందుకే కాటుక నలుపు దీనికి చేతకాదు.

అద్దానికి ఈ రెండు వాలులే తెలుసు, నడుమ నిలబడటం రాదు. మరి నాయిక చెంప మీద చెవి దగ్గర మొదలైన వెలుగు, ముక్కు నీడలోకి వచ్చేసరికి ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కరిగిపోతుందే, ఆ మెత్తదనం ఎక్కడిది? ఒక్క ఫ్రేము గడిచేలోపే అద్దం ఎన్నోసార్లు అటూ ఇటూ వాలుతుంది. లెన్స్ వైపు ఎక్కువసేపు ఉన్నచోట తెలుపు, తక్కువసేపు ఉన్నచోట మసక. ఆ తునకల్ని కలిపి చెంపగా చూసుకునేది మన కన్నే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఈ చిప్‌ను రూపొందించిన లారీ హార్న్‌బెక్ 1977లో మొదలుపెట్టింది కొద్దికొద్దిగా వంగే పల్చటి అద్దపు పొరతో. 1987లో దాన్ని వదిలి ఈ అటో ఇటో పద్ధతికి వచ్చాడు. సున్నితంగా వంగే అద్దాన్ని వదులుకున్నాకే ఇంత సున్నితమైన బొమ్మ దక్కడం నాకు భలే ముచ్చటేస్తుంది. 2015లో ఆస్కార్ వాళ్లకూ వేసినట్టుంది, ప్రతిమ అతని చేతికిచ్చారు.

ఇక రంగులు. సినిమా హాల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలానికి తలా ఒక చిప్. పట్టకం వెలుగును విడదీసి మళ్లీ కలుపుతుంది. క్లాసురూము ప్రొజెక్టర్లలో చాలావాటికి చిప్ ఒక్కటే, దాని ముందు గిర్రున తిరిగే రంగుల చక్రం. రంగులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నల్లటి స్లయిడ్ మీది తెల్లక్షరం నుంచి చూపు చప్పున పక్కకు తిప్పితే, దాని అంచు మూడు రంగులుగా చీలి మెరుస్తుంది. కొందరికి అది తలనొప్పి. నేనైతే ఉపన్యాసం విసుగెత్తినప్పుడు కావాలనే తల తిప్పి చూస్తుంటాను.