ముందు గాలి తియ్యి

మంచు కరిగి ఏప్రిల్ వచ్చిందంటే, మొదటి ఆదివారం మా గ్యారేజీలో ఒక బల్ల వేస్తాం. దాని మీద తెల్లటి పాత పంచె పరుస్తాను. వాడకం పోయిన ఇడ్లీ ప్లేట్లు రెండు తెచ్చి పక్కన పెడుతుంది మా అమ్మాయి. చలికాలమంతా అరమీద పడుకున్న పెయింట్‌బాల్ మార్కర్‌ను విప్పి, తుడిచి, నూనె చుక్కలు వేసి తిరిగి బిగించే రోజు అది. మిషిగన్‌లో మా ఇంటికి అదొక పండగలాంటిదే. ఈ ఏడాదిది మొన్ననే అయింది. చేతులకు ఇంకా ఆ వాసన ఉండగానే ఈ కాలమ్ రాస్తున్నాను.

ఆ మార్కర్ మా అమ్మాయిది. పన్నెండో ఏట స్నేహితురాలి పుట్టినరోజుకని వెళ్లి, ఒళ్లంతా పసుపు, నీలం మరకలతో ఇంటికొచ్చింది. అప్పటినుంచీ ఆ ఆటంటే ప్రాణం. రెండేళ్లు అద్దెవాటితో ఆడాక, ఎవరో వాడిన టిప్‌మన్ 98 కస్టమ్ ఒకటి కొనిచ్చాను. పాతకాలపు మోడలే కానీ మొండి ఘటం. బురదలో పడ్డా పనిచేస్తుంది. అద్దెకిచ్చే మైదానాల్లో దాన్ని ఎక్కువగా చూస్తాం, అందుకే కాబోలు.

దాన్ని తుపాకీ అనొద్దని, మార్కర్ అనాలని అమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఏదో సర్దిచెప్పే మాట అనుకున్నాను. కాదట. ఇప్పుడీ ఆటకు వాడుతున్న పనిముట్టు పుట్టింది చెట్లకు గుర్తు పెట్టడానికి. మా మిషిగన్‌లోనే నెల్సన్ అనే రంగుల కంపెనీ ఉంది. వాగు అవతల ఉన్న చెట్టుకో, మందలో దూరంగా ఉన్న పశువుకో దగ్గరికి వెళ్లకుండా రంగు గుర్తు వెయ్యాలంటే ఎలా అన్న ప్రశ్నకు వాళ్లు వెతుక్కున్న జవాబే రంగుగుండు. గాలితుపాకులు చేసే డైసీ కంపెనీ చేత దానికి తగ్గ పనిముట్టు చేయించారు. పేరు నెల్‌స్పాట్ 007. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెన్నికర్ అడవిలో 12 మంది ఆ మార్కర్లే పట్టుకుని, జెండాలు సేకరించే పోటీ పెట్టుకున్నారు. పెయింట్‌బాల్ ఆటకు అదే మొదలు. గెలిచినాయన అడవుల పని చేసే మనిషి, ఒక్కసారి కూడా ట్రిగ్గర్ నొక్కకుండానే గెలిచాడు. ఆ సంగతి తెలిశాక నాకా పేరు మీద గౌరవం కలిగింది. మార్కర్ అనే అంటున్నాను.

పేరు ఏదైనా, లోపల ఉన్నది మాత్రం బిగబట్టిన వాయువు. ఆ సంగతి మరిచినవాళ్లు మార్కర్‌ను చేతిలోకి తీసుకోకూడదు.

నరసరావుపేటలో మా ఇంట్లో ఇత్తడి పంపు స్టవ్వు ఉండేది. మంట పచ్చగా లేచి మసి పట్టడం మొదలెడితే, బర్నర్ రంధ్రంలో పిన్ను పెట్టి పొడవాలి. పంపు పట్టు తప్పితే తోలు వాషరు తీసి, నూనె రాసి, అంచులు విప్పార్చి మళ్లీ దూర్చాలి. ఈ పనులు మా నాన్న నాకు అప్పగించారు, తొమ్మిదో తరగతిలో. నేను స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతిసారీ చదువుతున్న పేపరు దించకుండానే అడిగేవారు, "గాలి తీశావురా?" అని. ట్యాంకు పక్కన చిన్న మర ఉంటుంది. దాన్ని వదులు చేస్తే బుస్సుమని గాలి పోతుంది. పోయిందని చెబితే ఆయన ఒప్పుకునేవారు కాదు. "పోయిందని నీకెలా తెలుసు? చెవి పెట్టి విను" అనేవారు. వంటింట్లో అమ్మదీ అదే చట్టం. కుక్కర్ ఆవిరి పూర్తిగా పోయేదాకా మూత మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు, ఎంత ఆకలేసినా.

పంపు స్టవ్వులో మనం చేత్తో కొట్టిన గాలి ఎంతని? కారు టైరులో ఉండేది 30 పీఎస్ఐ పైచిలుకు. మార్కర్‌కు బిగించే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో, 21 డిగ్రీల వేడి దగ్గర, సుమారు 850 పీఎస్ఐ ఉంటుంది. టైరుకు పాతిక రెట్లు. అందులో గ్యాస్ ద్రవంగా ఉంటుంది కాబట్టి, సగం వాడేసినా లోపలి ఒత్తిడి సగానికి పడిపోదు. ద్రవం చుక్క మిగిలి ఉన్నంతసేపు, వేడి మారకపోతే, ఒత్తిడి అంతే. మన వంటగ్యాసు సిలిండర్ చివరిరోజు దాకా మంట తగ్గకుండా ఇచ్చేదీ ఇందువల్లే. "అయిపోవచ్చింది, ఏం కాదులే" అన్న మాట ఈ పనిలో చెల్లదు. ఎండ ఎక్కినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కూడా. అందుకే వేసవిలో సిలిండర్‌ను మూసిన కారులో వదిలి వెళ్లం.

మేం గాలి తీసే వరస ఇది. ముందు ఇద్దరం కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటాం. బల్ల దగ్గర పని కదా అని మానం. పైనుండే గుండ్ల డబ్బాను తీసేస్తాం. లోపల గుండు చిక్కుకుని ఉండొచ్చు కాబట్టి పెరట్లోకి వెళ్లి, ఎవరూ లేనివైపు నేలకు గురిపెట్టి అమ్మాయి ట్రిగ్గర్ నొక్కుతుంది. తరువాత సిలిండర్‌ను ముప్పాతిక చుట్టు మాత్రం వదులు చేస్తుంది. అంతవరకు తిప్పితే సిలిండర్ నోట్లోని పిన్ను మూసుకుని కొత్త గ్యాస్ రావడం ఆగాలి. కానీ మార్కర్ కడుపులో మిగిలింది అలాగే ఉంటుంది. బోల్టును మళ్లీ వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కి, లాగి, నొక్కి, చప్పుడు పూర్తిగా చచ్చేదాకా వదులుతుంది. ఎన్నిసార్లు నొక్కినా చప్పుడు ఆగకపోతే పిన్ను మూసుకోలేదని అర్థం. అప్పుడు బలవంతంగా విప్పం. తిరిగి బిగించి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళతాం. సేఫ్టీ మీట వేసి ఉందన్న ధీమాతో ఈ వరస దాటేసేవాళ్లను చూశాను. సేఫ్టీ ట్రిగ్గర్‌ను ఆపుతుందే కానీ, లోపలి గ్యాస్‌ను బయటికి పంపదు.

ఇక సిలిండర్ మెడ సంగతి. ఇదొక్కటి చెప్పడానికే ఈ వారం కలం పట్టానంటే తప్పులేదు. సిలిండర్‌ను మార్కర్ నుంచి విప్పుతున్నాం అనుకుంటాం. రెండు మరలున్నాయి అక్కడ. ఒకటి మార్కర్‌కూ వాల్వుకూ మధ్య, రెండోది వాల్వుకూ సిలిండర్ ఒంటికీ మధ్య. వాల్వు మార్చినప్పుడు సరిగా బిగించకపోతే, మొదటిదానికి బదులు రెండోది విప్పుకోవచ్చు. ఆ మర చివరికొస్తే వాల్వు మార్కర్ దగ్గరే ఉండిపోయి, సిలిండర్ తారాజువ్వలా లేస్తుంది. అమెరికాలో ఇలా ప్రాణాలే పోయాయి. దీనికి పెయింట్‌బాల్ వాళ్లు కనిపెట్టిన విరుగుడు అణా ఖర్చు లేనిది. వాల్వు మీద నుంచి సిలిండర్ ఒంటి మీదికి గోళ్లరంగుతో ఒకే నిలువు గీత గీస్తారు. విప్పేటప్పుడు గీత కలిసే తిరగాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందా, చెయ్యి తీసెయ్యాలి.

మా అమ్మాయి తన ఎర్ర గోళ్లరంగుతో గీసింది. రెండేళ్ల కిందట ఒక సిలిండర్‌కు వాల్వు మార్పించాం, ఒక దుకాణంలో. ఆ తర్వాతి ఆట ముగిశాక మైదానం పక్కన విప్పబోతూ ఆగిపోయింది. "నాన్నా, గీత తప్పింది" అంది. గోరు వెడల్పు జరిగింది, అంతే. నేను చూసి ఉండేవాణ్ణి కాదు. మాటల్లో ఉన్నాను. మార్కర్‌ను నెమ్మదిగా గడ్డిలో పెట్టించి, సిలిండర్ అడుగు చూస్తున్న వైపు నుంచి పిల్లలందరినీ తప్పించి, మైదానంలో ఆ పని నేర్చిన మనిషిని పిలిచాం. ఆయన తన పద్ధతిలో గ్యాస్ అంతా వదిలి, ఆ సిలిండర్‌ను మాకు తిరిగి ఇవ్వలేదు. ఇంటికొచ్చే దారంతా అమ్మాయి మామూలుగానే మాట్లాడింది. నాకు మాత్రం స్టీరింగ్ మీద చేతులు వణికాయి.

గాలి తీశాక మిగిలింది తీరుబడిగా చేసే పని. సిలిండర్, బారెల్ వేరు చేశాక, 98 కస్టమ్ ఒళ్లు అలెన్ కీతో మరలు విప్పితే వేరుశనక్కాయలా రెండు డొప్పలవుతుంది. పక్కకు పడుకోబెట్టి పై డొప్పను నిదానంగా లేపాలి. వెనక బోల్టును తోసే పొడుగాటి స్ప్రింగు బొటనవేలితో అదిమి పట్టుకోకపోతే చివాలున ఎగురుతుంది. ట్రిగ్గర్ దగ్గరి బుల్లి స్ప్రింగులైతే ఎగిరిన సంగతే తెలియదు. తెల్ల పంచె పరిచేది వాటి కోసమే. లేపగానే అమ్మాయి ఫోనుతో ఫోటో తీస్తుంది. తీసిన వరసలో ఒక్కో భాగం ఇడ్లీ ప్లేటులో ఒక్కో గుంటలోకి వెళుతుంది. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వస్తాం.

లోపలి అమరిక చూస్తే ముచ్చటేస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే సియర్ అనే కొక్కెం వెనక బోల్టును వదిలేస్తుంది. స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది. దానికి కడ్డీతో జతపడిన ముందు బోల్టు గుండును బారెల్‌లోకి నెడుతుంది. వెనక బోల్టు వెళ్లి వాల్వు పిన్నును కొట్టగానే గ్యాస్ రెండు దారులు పడుతుంది. ముందు దారిది గుండును పంపే పని. వెనక దారిది బోల్టును మళ్లీ కొక్కెం దాకా తోసే పని. ఒక్క ఊపిరితో రెండు పనులు. ఇది తెలిస్తే రోగం పట్టుకోవడం తేలిక. సిలిండర్ మెడ దగ్గర బుసకొడుతుంటే అక్కడి రబ్బరు రింగు అరిగింది. బారెల్‌లోంచి గ్యాస్ కారుతుంటే వాల్వు సీలు. బోల్టు సగం దారిలో నీరసిస్తుంటే దాని చుట్టూ ఉన్న రింగు ఒకసారి చూడాలి. కుక్కర్‌కు గాస్కెట్ ఎంతో దీనికి ఈ రింగులంత. ధర చూస్తే పైసలు, పోతే ఆటే లేదు.

తుడవడానికి గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. తొలినాళ్ల గుండ్లలో నూనెరంగు ఉండేది, టర్పెంటైన్ పెడితే తప్ప పోయేది కాదు. ఇప్పటివి చేపనూనె మాత్రల్లాంటి జెలటిన్ తొడుగులు. లోపల రంగు నీళ్లలో కరిగిపోతుంది. అయితే పగిలిన తొడుగు ముక్కలు మూలల్లో ఎండి జిగురులా పట్టేస్తాయి. వాటిని నానబెట్టి తియ్యాలి, గీకకూడదు. తడి ఆరాకే నూనె.

నూనె దగ్గర మా ఇంట్లో ఒక చర్చ జరిగింది. మొదటి ఏడాది నా చెయ్యి అలవాటుగా కుట్టుమిషను నూనె డబ్బా మీదికి వెళ్లింది. మా ఊళ్లో తలుపు బందు నుంచి సైకిల్ చైను దాకా అదే మందు. అమ్మాయి మార్కర్‌తో వచ్చిన పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. పెట్రోలియం నూనెలు, తుప్పు వదిలించే స్ప్రేలు వాడకూడదు, వాటివల్ల సీళ్లు చెడతాయి అని రాసి ఉంది. మార్కర్ల కోసం అమ్మే నూనె వేరు. సిలిండర్ బిగించే చోట కొన్ని చుక్కలు వేస్తే గ్యాస్ దాన్ని లోపలికి మోసుకుపోతుంది. మా నాన్న మాట పట్టుకుని నడిచే నేను, ఆ విషయంలో ఆమె మాటే విన్నాను.

బిగించాక గుండ్లు లేకుండా గ్యాస్ ఎక్కించి, చెవి పెట్టి వింటాం. మైదానానికి వెళ్లినరోజు ఆటకు ముందు క్రోనోగ్రాఫ్ దగ్గర వేగం కొలిపిస్తాం. స్ప్రింగు మారినా, వాల్వు ముట్టుకున్నా వేగం మారిపోతుంది. మేం ఆడేచోట హద్దు సెకనుకు 280 అడుగులు. అది దాటితే వేగం మర తిప్పి తగ్గించాకే లోపలికి రానిస్తారు. కాలు పెట్టేదాకా బారెల్ మూతికి తొడుగు ఉండాల్సిందే.

మొన్నటి ఆదివారం మొత్తం పని అమ్మాయే చేసింది. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. అలెన్ కీ తీస్తుంటే అడిగాను, "గాలి తీశావా తల్లీ?" అని. జవాబు చెప్పకుండా మార్కర్‌ను పెరటివైపు తిప్పి ఇంకోసారి నొక్కి చూపించింది. చప్పుడు రాలేదు.

మీ ఇంట్లో పిల్లలు ఈ ఆట ఆడుతుంటే, సిలిండర్ మెడ మీద ఈ రాత్రే ఒక గీత గీయించండి. దాని ఒంటి మీద కొట్టిన పరీక్ష తేదీ కూడా చూడండి. మేం వాడే 20 ఔన్సుల రకానికి అయిదేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి. గడువు దాటి ఉంటే, ఆ పరీక్ష అయ్యేదాకా దాన్ని నింపించకండి.