అలవోక అలంకారము

ఫ్రెంచి వనితల నిత్యవేషమును గూర్చి లోకమున ఒక ప్రశస్తి చిరకాలముగా వ్యాపించియున్నది. వారు అలంకరించుకొన్నట్లు కనబడరట. అయినను చూచినవారి కన్ను మఱలి రాదట. నీలిచారల చొక్కాయ, చీలమండ కానవచ్చు కురుచ పంట్లాము, మెడలో అశ్రద్ధగా చుట్టిన రుమాలు, దువ్వినదో దువ్వనిదో తెలియని జుట్టు - ఇంతియే సామగ్రి. దీనిని ప్రయత్నము లేని సొగసని పిలుచుచున్నారు. తెలుగున ఇందుకు 'అలవోక' యను చక్కని మాట కలదు. బెంగుళూరున, చెన్నపట్నమున, షోలాపురమున, బరంపురమున, యానామున మన యిండ్ల ఆడపడుచులును చేతిఫోనులలో ఈ చిత్రములను చూచి ముచ్చటపడుచున్నారు. ముచ్చటపడుట తప్పు కాదు. కాని యీ అలవోకతనమును ఎవరు కల్పించిరి, దాని వెనుక పడిన శ్రమ యెట్టిది, అది మన పిల్లల నేల యింతగా ఆకర్షించుచున్నది యని విచారింపవలసియున్నది.

మొదట చెప్పవలసిన మాట యొకటి. ఈ వేషమునకు ప్రతీకలుగా చెప్పబడు స్త్రీలలో ఇద్దరు ఫ్రెంచివారే కారు. 1960లో వెలువడిన గొదార్ చలనచిత్రమున, పొట్టి క్రాపుతో, పత్రికపేరు ముద్రించిన బనియనుతో షాంజెలిజే వీథిలో వార్తాపత్రిక లమ్ముచు నడచిన జీన్ సీబర్గ్ అమెరికాలోని అయొవా రాష్ట్రమున ఒక చిన్న పట్టణమున పుట్టిన పిల్ల. చేత అల్లికబుట్ట పట్టుకొని తిరిగిన జేన్ బర్కిన్ 1946లో లండనున జన్మించి, 1968లో నటన కొఱకు ఫ్రాన్సు చేరినది. మూడవయామె గాబ్రియెల్ షనెల్. ఈమె ఫ్రెంచి వనితయే. అయినను పెద్దయిండ్ల లోకమునకు వెలుపలిది. తల్లి మరణించిన పిదప అనాథశరణాలయమున సన్యాసినుల చెంత పెరిగినది. అనగా, పారిస్ నగరపు పుట్టుసొత్తని మనము తలంచు ఈ సొగసును తీర్చినవారిలో ముఖ్యులు ఆ నగరమునకు బయటినుండి వచ్చినవారే.

ఈ సంగతిని మేము తేలికగా విడువజాలము. బర్కిన్ 2023లో మరణించువఱకు ఆంగ్లపు యాసతోనే ఫ్రెంచి పలికెను. ఆ యాసను ఆ దేశీయులు ముద్దుగా వినిరి. సీబర్గ్ పలుకును ఆ చిత్రమున అమెరికా పలుకుబడియే. పరభాషా ప్రాంతములలో తరతరములుగా నివసించు మనకు దీని యర్థము వేఱుగా విడమరచి చెప్పనక్కఱలేదు. మన తెలుగున కన్నడపు సాగతీతయో, అరవపు విఱుపో, ఒడియా పలుకో ఉన్నదని కోస్తానుండి వచ్చిన చుట్టములు పెండ్లిండ్లలో నవ్వుట మనమెఱుగనిది కాదు. ఆ నవ్వునకు జంకి మన పిల్లలు నోరు మెదపకుండుటయు మేము చూచితిమి. పారిస్ నగరమున మాత్రము యాస గలవారే సొగసునకు మేలుబంతు లయిరి.

ఇక శ్రమ మాట. యుద్ధానంతరము 1947లో దియోర్ అను శిల్పి నడుమును బిగించి, గజములకొలది గుడ్డతో పావడాలను గుప్పించి క్రొత్త ఫాషనును నెలకొల్పెను. ఆ బిగింపు షనెలునకు గిట్టలేదు. 1954లో, డెబ్బదియేండ్ల ప్రాయమున, ఆమె పారిసులోని తన సంస్థను మరల తెఱచినది. ఆమె కుట్టించిన పొట్టికోటు మెత్తనిది. చేతులెత్తినను వంగినను పట్టివేయనిది. చూచువారికి ఏదో తొడుగుకొని వచ్చినట్లే యుండును. కాని దాని అడుగంచున, అస్తరు వెంబడి, కంటికి కానరాకుండ సన్నని గొలుసొకటి కుట్టబడియుండును. ఆ గొలుసు బరువు వలననే కోటు ముడుచుకొనక తిన్నగా జాఱును. అలవోక యనబడు దానికంతకు మాకు ఈ గొలుసే గుర్తుగా తోచుచున్నది. మన అమ్మమ్మల నేతచీరయు ఇట్టిదే. కుచ్చిళ్లు ఎగదోపి, చెఱగు బిగించి పనిలోనికి దిగిన యామెను చూచిన, ఆ కట్టు పుట్టుకతో వచ్చినదని తోచును. ఆ చీరను ఉతికి, గంజిపెట్టి, ఆరవేసి, మడతపెట్టిన చేతుల మాట మనకు తట్టదు.

ఈ సహజత్వమునకు వెల కూడ కలదు. 1783లో మరీ ఆంత్వానెత్ రాణిని తెల్లని మల్లుగౌనులో, గడ్డిటోపీతో విజె లెబ్రన్ అను చిత్రకారిణి చిత్రించెను. రాణికి ఈ లోదుస్తుల వంటి వేషమేమని గోలపుట్టగా, ఆ పటమును ప్రదర్శనశాలనుండి తొలగించిరి. నిరాడంబరత రాణికి ఒక వినోదము. బీదరాలికి అది నిత్యావశ్యకము. ఈ వ్యత్యాసము నేటికిని పోలేదు. బర్కిన్ పేర ఒక సంస్థ 1984లో చేసిన తోలుసంచులలో మొదటిది, ఆమె వాడి గీతలుపడనిచ్చినది, 2025 జూలైలో పారిస్ వేలములో 86 లక్షల యూరోలకు అమ్ముడుపోయెను. ఆమెకు పేరు తెచ్చినది అల్లికబుట్ట! మఱియొక వింత యేమనగా, 2010లో ఇనెస్ ద ల ఫ్రెసాంజ్ అను ఫ్రెంచి వనిత పారిస్ స్త్రీవలె నుండుట యెట్లో బోధించుచు, దుకాణముల చిరునామాలతో సహా ఒక గ్రంథమును వెలువరించినది. ప్రయత్నమే లేనిదానికి ఇంత పాఠ్యపుస్తకమేల?

ఆ దేశమున స్త్రీల వస్త్రములకు చట్టము పట్టిన కాపలాయు తక్కువది కాదు. 1686 మొదలు 1759 వఱకు అద్దకపు నూలుబట్టలు ఫ్రాన్సులో నిషిద్ధములు. మన మచిలీపట్నపు తీరమునుండి పోయిన కలంకారీ రకములకును ఆ నిషేధము వర్తించెను. అయినను స్త్రీలు చాటుగా తొడిగిరి. 1800లో పారిస్ పోలీసువారు పురుషవేషము ధరింపగోరు స్త్రీ తమ యనుమతి పొందవలెనని ఆజ్ఞాపించిరి. పిమ్మట సైకిలుచేరునో గుఱ్ఱపు కళ్లెమునో పట్టిన స్త్రీ పంట్లాము తొడుగవచ్చునని సడలించిరి. ఆ ఆజ్ఞ చెల్లదని ప్రభుత్వము ప్రకటించినది 2013లో! సీబర్గ్ చిత్రము వెలువడిన నాటికి, భర్త అడ్డుచెప్పినచో ఫ్రెంచి ఇల్లాలు ఉద్యోగము చేయజాలకుండెను. భర్తతో నిమిత్తము లేక బ్యాంకులో తన పేర లెక్క తెఱచుటకు 1965 నాటి చట్టము రావలసివచ్చెను. కావున ఆ నడకలోని నిర్లక్ష్యము అప్పటికే చేత చిక్కిన స్వేచ్ఛ కాదు. ముందుగా వేసికొని చూచిన స్వేచ్ఛ.

మన పిల్లలకు ఈ వేషము నచ్చుటకు కారణము ఇక్కడనే యున్నదని మా తలంపు. మన ఆడపిల్ల వీథిలోనికి పోవునపుడు ఆమె కట్టును రెండు ప్రక్కలవారు చదువుదురు. ఇరుగుపొరుగువారు 'వీరే యూరివారు?' అని చూతురు. మనవారు 'తెలుగుతనము మిగిలినదా?' అని చూతురు. బొట్టు, జడ, చెఱగు - ప్రతిదియు ఒక సాక్ష్యము. ఇన్ని సాక్ష్యములు మోయుచు కాలేజికి పోవు పిల్లకు, ఏ యూరి సాక్ష్యమును చెప్పని ఒక చారల చొక్కాయ తేలికగా తోచుట వింత కాదు. ఆ తేలికను కోరుటకు మే మామెను నిందింపము.

కాని ఆ చొక్కాయయు మూగది కాదని ఆమె గ్రహింపవలెను. అది ఫ్రెంచి నావికుల లోచొక్కాయ. ఇరువదియొక్క తెల్లచారలు, వానిలో సగము వెడల్పున నీలిచారలు ఉండవలెనని 1858లో వారి నౌకాదళము నియమము చేసినది. ఆ చిత్రములలోని దేహములును మిక్కిలి సన్ననివి, పడుచువి, తెల్లనివి. లావైన తల్లి, నడివయసు పిన్ని వానిలో కానరారు. ఒక సాక్ష్యమును విడిచి మఱియొక సాక్ష్యమును తొడుగుకొనుటను అలవోక యనుటకు మాకు మన సొప్పదు.

చారల చొక్కాయపై మంగళగిరి కండువా వేసికొని, కాళ్లకు పాతచెప్పులతో బస్సెక్కు పిల్లలను మేమీ నడుమ చూచుచున్నాము. పెద్దలకు అది వింతగా నున్నది. నడుచుటకును పరుగెత్తుటకును అడ్డము రాకున్నచో మాకందు ఆక్షేపణ లేదు. ఆ ప్రసిద్ధమయిన వీథిలో సీబర్గ్ తిరిగినదియు విహారమునకు కాదు, పత్రిక లమ్ముకొనుటకే.