మైలాపూరు రసికుల హాస్యము

ధనుర్మాసమున మైలాపూరు సభలలో రసికుల సందడి చూడదగినది. 1927లో మద్రాసు కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమ్మేళనమున మొలకెత్తిన ఉత్సవ మిది. ఆలాపన మొదలగుటయే తడవుగా రాగము పేరు చెప్పుటకు పందెములు. తప్పినవానికి ఆ సాయంకాలమంతయు పరిహాసము. తని ఆవర్తనమునకు లేచి కాఫీకై పరుగిడువారిపై ఛలోక్తులకు లెక్కలేదు. ఈ హాస్యమును మేము తప్పుపట్టము. సంగీతముపై మమకారము లేనివానికి అది పుట్టదు.

కాని త్యాగరాజస్వామి హాస్య మేమైనది? మధ్యమావతిలోని ‘అడిగి సుఖము’ కృతిలో రాముని వేడినవారికి దక్కిన ఫలములను ఆయన యేకరువు పెట్టెను. మాయ నెరుగగోరిన నారదుడు ఆడుదాయెను. అన్నమడిగిన దుర్వాసునకు అజీర్ణము పట్టెను. బిడ్డ ముద్దుముచ్చట లాశించిన దేవకికి గాక యశోదకు ఆ వేడుక దక్కెను. ఇంత కొంటెపాటకు మేము విన్న సభలలో ఒక్క పెదవియు విచ్చుకొనలేదు. తలలు మాత్రము రాగమున కూగినవి.

తమిళ సోదరుల నేమనగలము? ఆ కృతులను తరతరములుగా కాపాడినవారిలో వారు ముఖ్యులు. తమకు తెలిసిన మాటలు పాడుడని 1940 దశకమున తమిళ ఇసై ఉద్యమము వారు కోరుటయు న్యాయమే. ముందువరుసలోని తెలుగువాడు సైతము సంగతులనే లెక్కించుచున్నాడు, మాటను వినుటలేదు. మా ఫిర్యాదు అతనిపైననే. కార్యక్రమ పత్రమున కృతి భావము నాలుగు పంక్తులు అచ్చువేయించిన చాలును, దుర్వాసుని పాట్లకు సభయంతయు నవ్వును.